గుహలో తల్లి, గుమ్మంలో కెమెరా

వినాయక చవితినాడు అక్షింతలు చేత పట్టుకొని శమంతకోపాఖ్యానం వినని తెలుగు ఇల్లు అరుదు. బతుకుతెరువు వెతుక్కుంటూ గుజరాత్‌లోని సూరత్ నగరానికి తరలిపోయి, సలాబత్‌పురా వంటి పేటలలో మగ్గాల మోత మధ్య కాపురాలు నిలుపుకున్న నేత కుటుంబాలకు కూడా ఆ కథ కొత్తది కాదు. అందులో అందరికీ గుర్తుండేది చవితి చంద్రుడు, శ్రీకృష్ణునికి వచ్చిన నీలాపనింద. అంతగా గుర్తుండనిది ఒక చిన్న దృశ్యం. మణిని వెతుకుతూ అడవిలో అడుగుజాడల వెంట నడిచిన కృష్ణుడు ఒక గుహలో ప్రవేశిస్తాడు. అక్కడ మొదట కంటబడేది యోధుడు కాదు, ఊయల. ఆ ఊయలకు ఆటవస్తువుగా కట్టిన మణి. జాంబవంతుడు మీదికి దూకడం, 28 దినాల ద్వంద్వయుద్ధం ఆ తరువాతి మాటలు.

కథలోని దైవలీలను కాసేపు పక్కన ఉంచి చూస్తే, అడవివాసులకు బాగా తెలిసిన సత్యం ఒకటి ఇందులో కనిపిస్తుంది. బిడ్డ ఉన్న గుహలోనికి పరాయివాడు అడుగుపెట్టినాడు. ఎలుగు ప్రాణాలకు తెగించి పోరాడింది. ఈనాటికీ అడవిలో అదే నియమం. ఎలుగుబంటి సంసారాన్ని దాని ఇంటిలోనే చూడాలనుకున్న మనిషికి రెండే దారులు ఉండేవి: ప్రాణం మీద ఆశ వదులుకోవడం, లేదా చూడాలన్న కోరికను వదులుకోవడం. మూడవ దారి చూపినది కెమెరా.

జాంబవంతుని గుహ ఇదేనని సౌరాష్ట్రలో పోర్‌బందర్ సమీపాన రాణావావ్ వద్ద ఒక గుహను చూపిస్తారు. పురాణంలోని ఎలుగు సంగతి అట్లా ఉంచితే, నెత్తురూ మాంసమూ గల ఎలుగులు కూడా గుజరాత్‌లో ఉన్నవి. సలాబత్‌పురా నుండి తూర్పుగా సుమారు వంద కిలోమీటర్లు పోతే నర్మదా జిల్లాలో డెడియాపాడా పరిసరాల కొండలు, టేకు, వెదురు అడవులు ఎదురవుతవి. అక్కడ ఉన్నది 607 చదరపు కిలోమీటర్ల శూల్‌పాణేశ్వర్ అభయారణ్యం. 1982లో డుమ్‌ఖల్ పేరుతో దానిని మొదట నెలకొల్పినది ఎలుగుల రక్షణ కొరకే. అదే సంవత్సరం దాహోద్ జిల్లాలో రతన్‌మహల్, అంతకు ముందు 1978లో బనాస్‌కాంఠా జిల్లాలో జెస్సోర్, ఎలుగుల అభయారణ్యాలుగా ఏర్పడినవి. పగలూ రాత్రీ దీపాలు వెలిగే నగరం నుండి కొన్ని గంటల ప్రయాణ దూరంలో, దీపమన్నది ఎరుగని రాతి చీకటిలో, ఒక తల్లి పిల్లలను సాకుతూ ఉంటుంది.

ఆ తల్లిని గురించి పండితులకు తెలిసినది చాలాకాలం స్వల్పమే. అసలు పేరు పెట్టడంలోనే పొరపాటు దొర్లింది. 1791లో జార్జి షా అనే ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు ఈ జంతువును వర్ణిస్తూ, దీని పొడవాటి వంకర గోళ్ళను బట్టి, అమెరికా ఖండపు అడవులలో కొమ్మలకు వేలాడుతూ మెల్లమెల్లగా కదిలే స్లాత్ అనే జంతువు జాతిలో చేర్చినాడు. అది ఎలుగేనని తరువాత తేలింది. తేలినా ఆ పేరు పోలేదు. ఇంగ్లీషులో మన ఎలుగు నేటికీ 'స్లాత్ బేర్' గానే చెలామణి అవుతున్నది. ఆ పేరు వినేవారు దీనిని మందకొడి జంతువు అనుకుంటారు. కొండవాలున దీనికి ఎదురుపడిన వారెవ్వరూ అట్లా అనుకోరు. అవసరం వస్తే మనిషికన్న వేగంగా పరుగెత్తగల మృగమిది.

దీని జీవనం విచిత్రమైనది. ఎలుగులలో చీమలు, చెదలు ప్రధానాహారంగా బతకడానికి ప్రత్యేకంగా మలచబడిన జాతి ఇదే. పై దవడలో ముందు పళ్ళు రెండు ఉండవు. పుట్టను గోళ్ళతో పెకలించి, మూతి ఆనించి, ముందుగా మన్ను ఊది, ఆ పళ్ళ సందు గుండా పురుగులను పీల్చుకుంటుంది. నిశ్శబ్దమైన రాత్రి ఆ పీల్పు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. రేగు, నేరేడు, తునికి పండ్లు, తేనె, ఇప్పపూలు దీనికి ప్రీతి. చూపు, వినికిడి అంత చురుకైనవి కావు. వాసన పట్టడంలో మాత్రం దిట్ట. భారత, నేపాల్, శ్రీలంక దేశాలు దీని నివాసం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి స్థానం ఉన్నది.

చలిదేశాల ఎలుగుల వలె ఇది శీతనిద్ర పోదు. ఐనా తల్లి కాబోయే ఎలుగు మాత్రం గుహ పడుతుంది. బండల నడుమ సందు గాని, కొండచరియలోని బిలం గాని, తాను తవ్వుకున్న గొయ్యి గాని పురిటిగదిగా ఎంచుకుంటుంది. మన దేశంలో ఎక్కువగా డిసెంబరు, జనవరి మాసాలలో ఈనుతుంది. సాధారణంగా ఒకటి లేక రెండు పిల్లలు. పుట్టినప్పుడు కళ్ళు తెరవవు. తెరవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. మొదటి రోజులలో తల్లి తిండి మాని పిల్లలను అంటిపెట్టుకొని ఉంటుంది. తరువాత తరువాత రాత్రివేళ మేతకు పోయి వస్తుంది. రెండు మూడు నెలలకు పిల్లలు గుహ వదలి వెలుపలికి వస్తవి, నడిచి కాదు, తల్లి వీపు మీద కూర్చొని.

పిల్లలను ఈ విధంగా నిత్యమూ వీపున మోసే ఎలుగుజాతి ప్రపంచంలో మరొకటి లేదు. అమెరికా నల్ల ఎలుగు అపాయం వస్తే పిల్లలను చెట్టు ఎక్కిస్తుంది. మన ఎలుగు పుట్టి పెరిగినది పులి, చిరుత తిరుగాడే నేల మీద. చిరుతకు చెట్టు ఒక లెక్క కాదు. ఎక్కడానికి చెట్లే లేని రాతిగుట్టలూ, గడ్డిబీళ్ళూ దాని సంచారభూమిలో ఎన్నో ఉన్నవి. కనుక తల్లి వీపే కోట అయినది. ఆ కోటను మోస్తూ తల్లి పారిపోదు, నిలబడి ఎదుర్కొంటుంది. ఈ జంతువు మనుషులపై ఎందుకంత ఉగ్రంగా తిరగబడుతుందన్న ప్రశ్నకు పరిశోధకులు చెప్పే సమాధానం కూడా ఇదే. పులులతో సహజీవనం నేర్పిన పాఠాన్ని అది మనుషుల ఎడల కూడా పాటిస్తున్నది.

ఇటువంటి తల్లి గడపలోనికి తొంగిచూడడం ఎట్లా?

అడవిజంతువు తన చిత్రాన్ని తానే తీసుకొనేటట్లు చేయడం మన దేశంలో కొత్త విద్య కాదు. 1920 దశకంలో సంయుక్త పరగణాల అటవీశాఖలో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే అధికారి తుపాకిని పక్కనబెట్టి కెమెరా పట్టినాడు. పులి నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, దానిని కెమెరాకు, మెరుపుదీపానికి కలిపేవాడు. పులి కాలు తీగకు తగిలితే చిత్రం పడేది. 1990 దశకం మొదట్లో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ ఇటువంటి కెమెరాలతోనే, చారల తేడాలను బట్టి, పులుల లెక్క తీసినాడు.

నేటి ట్రాప్ కెమెరాకు తీగ అక్కరలేదు. ప్రాణి ఎదుటికి వచ్చి కదిలినప్పుడు, దాని దేహపు వేడిమికీ పరిసరాల వేడిమికీ గల భేదాన్ని అందులోని పరికరం పసిగడుతుంది. వెంటనే చిత్రం తీస్తుంది. చీకటిలో కావలసిన వెలుగును కంటికి సరిగా ఆనని పరారుణ కిరణాల రూపంలో తానే ప్రసరిస్తుంది. చిత్రం అడుగున తేదీ, గంట, నిమిషం ముద్రితమవుతవి. పుస్తకమంత పెట్టె చెట్టు మొదలుకో, బండకో కట్టి వస్తే వారాల తరబడి కాపలా కాస్తుంది. దానికి నిద్ర రాదు, దగ్గు రాదు, భయమూ లేదు. చెమట వాసన కూడా లేదు. ఎలుగు విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

కర్ణాటకలో దరోజి వంటి దక్కను రాతిగుట్టల ప్రాంతాలలో పరిశోధకులు గుహ ద్వారాల వద్ద ఇటువంటి కెమెరాలు అమర్చి పరిశీలనలు జరిపినారు. ఈ పనిలో ఓర్పు ఎంతో జాగ్రత్తా అంతే. పురుడు జరిగిన గుహ దరికి మనుషులు పోతే తల్లి దాడి చేయవచ్చు, లేదా పిల్లలను మరొక చోటికి మార్చే ప్రయత్నంలో అవి చేజారవచ్చు. అందువలన కెమెరాను గుమ్మానికి కొంత ఎడంగా, తల్లి నడిచే దారి వైపు అమర్చి, దాని జోలికి పోకుండా ఉండడమే ఉత్తమం. చిత్రం స్పష్టంగా రాకపోయినా ఫరవాలేదు, తల్లి బెదరకూడదు.

ఇట్లా లభించే చిత్రాలలో అబ్బురపరచేది ఏమీ కనిపించదని మొదట అనిపిస్తుంది. బూడిదరంగు చీకటి, బండ అంచు, రెండు మెరిసే కళ్ళు. కాని వందల చిత్రాలను వరుసలో పేర్చి చదివితే ఒక ఇంటి దినచర్య బయటపడుతుంది. తల్లి ఏ వేళకు మేతకు బయలుదేరినది, ఎంతసేపు పిల్లలను విడిచి ఉన్నది, ఏ జాముకు తిరిగి వచ్చినది, గుహ చుట్టూ తిరిగిన చిరుత ఎప్పుడు వచ్చినది, పిల్లలు మొదటిసారి గుమ్మం దాటినది ఏ వారంలో. చివరకు ఒకనాడు తల్లి వెలుపలికి వస్తుంది. వీపు మీది జూలులో రెండు నల్లని ముద్దలు అతుక్కొని ఉంటవి. ఆ నాటితో ఆ గుహ ఖాళీ.

గుమ్మం వద్ద ఆగక కెమెరా గుహలోపలికే పోయిన సందర్భం మరొక ఖండంలో జరిగింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈలీ పట్టణ సమీపపు అడవిలో లిన్ రోజర్స్ అనే పరిశోధకుడు నల్ల ఎలుగులను ఏళ్ళ తరబడి పరిశీలించినాడు. లిల్లీ అనే మూడేళ్ళ ఆడ ఎలుగు శీతనిద్ర పోతున్న గుహలో కెమెరాను అమర్చి, ఆ దృశ్యాన్ని ఇంటర్నెట్ ద్వారా లోకమంతటికీ ప్రత్యక్షంగా చూపించినాడు. 2010 జనవరి 22న వేలాది జనం చూస్తుండగా లిల్లీ ఒక పిల్లను కన్నది. మంచు గడ్డకట్టిన ఆ చీకటిలో, అరకిలో బరువైనా లేని పిల్ల పాలు కుడుస్తూ చిన్న మోటారు వలె గుర్రుమనే ధ్వని కూడా జనానికి వినిపించింది. పిల్లకు 'హోప్', అనగా ఆశ, అని పేరు పెట్టినారు. లక్షకు పైగా మనుషులు లిల్లీకి అభిమానులైనారు. బడిపిల్లలు తరగతి గదులలో కూర్చుని ఆ గుహను చూసినారు.

ఎలుగు నిద్రలో కూడా తల్లి తల్లేనని ఆ కెమెరా రుజువు చేసింది. నెలల తరబడి తిండి, నీరు ముట్టని తల్లి, పిల్ల కేక వినగానే కదిలి, దానిని ఒడిలోనికి లాక్కుని, ఊపిరితో వెచ్చబరచేది. పుస్తకాలలో ఒక పంక్తిగా ఉన్న సంగతి కళ్ళ ఎదుట జీవం పోసుకుంది.

తరువాతి కథ అంత తీయనిది కాదు. ఆ సంవత్సరం మే నెలలో లిల్లీ పిల్లను విడిచి వెళ్ళిపోయింది. పరిశోధకులు జోక్యం చేసుకొని ఆ రెండింటినీ తిరిగి కలిపినారు. మరుసటి శీతకాలం తల్లీబిడ్డలు ఒకే గుహలో పడుకున్నవి. 2011 జనవరిలో లిల్లీ మరి రెండు పిల్లలను కన్నది. ఆ సెప్టెంబరులో, చట్టం అనుమతించిన వేటకాలంలో, ఒక వేటగాని చేతిలో హోప్ మరణించింది. 2013లో రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ రోజర్స్ అనుమతిని పొడిగించడానికి నిరాకరించింది. చేతితో మేత పెట్టడం వలన ఎలుగులకు మనుషులంటే బెదురు పోతున్నదనీ, అది ప్రజలకు అపాయమనీ ఆ శాఖ వాదన. మచ్చిక అయిన ఎలుగు అపాయకరం కాదని రోజర్స్ వాదన. తగవు న్యాయస్థానం దాకా పోయింది.

ఎవరి వాదం సరైనదైనా, హోప్ మరణం ఒక సంగతి తేటతెల్లం చేసింది. గుహలోని జీవిని లక్ష కళ్ళు ప్రేమతో చూసినంత మాత్రాన దానికి రక్షణ కలుగదు. ప్రేమించినవారు దూరదేశాలలో ఉన్నారు. అడవిలో నడిచేవాడు వేరొకడు. కెమెరా చూసినది ఆ అడవిలో నడిచేవానికి ఉపయోగపడితేనే తల్లికీ, బిడ్డకూ మేలు.

మన దేశంలో ఈ మాటకు మరొక బరువు ఉన్నది. ఎలుగు గుహ జాడ తెలిసినవారు మన అడవులలో ఎప్పుడూ ఉన్నారు. కాని ఒకప్పుడు ఆ జాడ వెతికించినది జ్ఞానతృష్ణ కాదు. తల్లి మేతకు పోయిన వేళ చూచి, లేదా తల్లిని చంపి, కళ్ళు తెరిచీ తెరవని పిల్లలను ఎత్తుకొని వచ్చేవారు. ముక్కుకు కాల్చిన ఊచతో చిల్లు పొడిచి, తాడు వేసి, పళ్ళు ఊడబెరికి, వీధులలో ఆడించడానికి అమ్మేవారు. మన ఊళ్ళలో డమరుకం మోతకు వెనుక కాళ్ళపై నిలబడి దణ్ణం పెట్టిన ఎలుగు వెనుక ఇటువంటి ఒక గుహ ఉండేది. పిల్లల దడుపు పోవడానికి తాయెత్తులో పెట్టి కట్టిన వెంట్రుక కూడా అక్కడిదే. ఎలుగులను ఆడించే కలందరు కుటుంబాలకు వేరే జీవనాధారాలు కల్పించి, ఎలుగులను సంరక్షణ కేంద్రాలకు తరలించిన మీదట, 2009 నాటికి ఆ ఆట దేశంలో ముగిసింది. అందుచేత గుహ చిరునామా ఎంత రహస్యంగా ఉంటే అంత మంచిది. చిత్రం లోకానికి చూపవచ్చు, చోటు చెప్పరాదు.

ఐతే చోటు చెప్పకుండానే చెప్పవలసిన విషయం ఒకటి ఉన్నది: కాలం. తెలుగునాట దాని విలువ అనుభవపూర్వకంగా తెలిసినదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు, కొండగుట్టలు కలగలిసి ఉంటవి. ఎలుగులూ మనుషులూ ఒకే దారుల వెంట తిరుగుతారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలోని కిడిసింగి ప్రాంతాన ఒక ఎలుగు దాడిలో ఒక మనిషి మరణించినాడు, మరికొందరు గాయపడినారు. మత్తుమందు ఇచ్చి పట్టుకున్న తరువాత ఆ ఎలుగు కూడా ప్రాణం విడిచింది. అటు ఒక ఇల్లు, ఇటు ఒక అడవి ప్రాణి, ఇద్దరూ నష్టపోయినవారే.

మరొక ఉదాహరణ తిరుమల కొండది. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక దారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్న తరువాత అటవీశాఖ అక్కడ ట్రాప్ కెమెరాలు పెట్టింది. చిరుతలతో పాటు ఎలుగు కూడా ఆ చిత్రాలలో కనిపించింది. మధ్యాహ్నం రెండు గంటల తరువాత 15 ఏళ్ళలోపు పిల్లలను ఆ దారిన పంపరాదని అప్పుడు కట్టడి చేసినారు. జంతువును తరిమివేయడం ఒక్కటే మార్గం కాదు; మనిషి తన గడియారాన్ని కొద్దిగా సవరించుకోవడం కూడా మార్గమే.

గుహ వద్ద కెమెరా మనకు చెప్పే కాలం మరింత విలువైనది. డిసెంబరు, జనవరిలో పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలకు వెలుపలికి వస్తవని చెప్పుకున్నాం. అంటే అది మార్చి మాసపు మాట. సరిగ్గా అదే మార్చి, ఏప్రిల్ మాసాలలో గుజరాత్ తూర్పు కొండల నుండి మన ఆదిలాబాదు అడవుల దాకా ఇప్పచెట్లు పూస్తవి. రాత్రంతా రాలిన పూలను ఏరుకోవడానికి ఆడవారు, పిల్లలు తెల్లవారక ముందే గంపలతో అడవికి బయలుదేరుతారు. ఆ పూల తీపికే, ఆ వేళకే, పసిపిల్లలను వీపున ఎక్కించుకున్న తల్లి ఎలుగు కూడా గుట్ట దిగి వస్తుంది. సంవత్సరంలో మిక్కిలి బెదురుగా ఉండే తల్లీ, వంగి నేలచూపులతో పూలు ఏరే తల్లీ, ఒకే చెట్టు కిందికి ఒకే మసకలో చేరుకుంటారు. ఇరువురిలో ఎవరికీ తగవు అక్కరలేదు. ఎవరికి కావలసినది వారి బిడ్డల ఆకలి తీరడమే.

ఇక్కడ చేయదగినది కష్టమైన పని కాదు. బాగా పొద్దెక్కిన తరువాత పోవడం, నలుగురు కలిసి బిగ్గరగా మాట్లాడుకుంటూ పోవడం, బండల సందులకు దూరంగా నడవడం. అదాటున ఎదురుపడని ఎలుగు సాధారణంగా తానే తప్పుకుంటుంది. కాని ఏ వారం నుండి ఏ వారం దాకా ఈ జాగ్రత్త తప్పనిసరి, ఏ గుట్ట వైపు ఏ వేళ పోరాదు అన్నది ప్రతి అడవికీ వేరు. ఊహించి చెబితే జనం రెండేళ్ళు వింటారు, మూడవ ఏట మానేస్తారు. చూచి చెప్పినది నిలుస్తుంది. ఆ చూడడానికే కెమెరా.

గుహలోని తల్లికి మన మెప్పు అక్కరలేదు. తనను ఎవరో చూసినారన్న సంగతి కూడా దానికి తెలియనవసరం లేదు. ఆ మసక చిత్రం అడుగున ముద్రితమైన తేదీ, గంట అన్న రెండు చిన్న అంకెలు గంప చేతబట్టి అడవికి బయలుదేరే మనిషికి సకాలంలో చేరితే, ఆ సంవత్సరం రెండు ఇళ్ళలోనూ బిడ్డలు క్షేమంగా ఉంటారు.